వియ్యంకుడి పళ్ళెం

బ్రేకు తొక్కుతుంది సైకాల్.

పడదు!

పాత నీవా కారు మంచు మీద అడ్డంగా జారుతుంది. కుడివైపు కొండ. ఎడమవైపు ఏమీ లేదు... రెండొందల మీటర్ల కింద నది తప్ప.

స్టీరింగ్ వదిలేస్తుంది. మళ్ళీ పట్టుకుంటుంది. ఎక్కడో ఒక టైరుకి గరుకు నేల దొరుకుతుంది. కారు నిలబడుతుంది.

డిక్కీలో దుప్పటి కింద ఉన్నది వచ్చి ధన్‌మని సీటుకి గుద్దుకుంటుంది.

"పగలకు తల్లీ!" అంటుంది దానితో. "నువ్వు పగిలితే నా బతుకు బస్టాండే!"

మధ్యాహ్నం మూడున్నర దాటింది. లైట్లు వేసినా పదడుగుల అవతల ఏమీ కనబడదు. అంత మంచు కురుస్తోంది చోంగ్-బెల్ కనుమ మీద.

అద్దంలో చూస్తుంది.

రెండు పసుపు దీపాలు...

బూడిద రంగు జీపు!

మళ్ళీ గేరు వేస్తుంది. 

దుప్పటి కింద ఉన్నది ఆక్సిజన్ మెషిన్. ఇరవై కిలోలు. ఎక్కడో యూరప్‌లో ఒక చిన్న దేశం, తన జనం కట్టిన పన్నుల్లోంచి తీసి, ఈ కొండల్లోని నలభై ప్రసూతి కేంద్రాలకు నలభై మెషిన్లు పంపింది. కాగితాల మీద నలభై. ఫొటోల్లో నలభై.

అసలున్నవి ఆరు!

ఆ ఆరింటినే ఒక లారీ ఊరూరూ తిప్పుతుంది. తనిఖీకి ముందురోజు దింపుతారు. తనిఖీ అయిన మర్నాడు ఎక్కించుకుపోతారు. నంబరు రేకు మాత్రం ఊరికొకటి మారుతుంది.

మరి ఆ తనిఖీ చేసేదెవరు?

సైకాలే.

నాలుగేళ్లుగా టిక్కులు పెడుతోంది. మెషిన్ ఉంది. పనిచేస్తోంది. కింద సంతకం. తాష్-బులాక్ ఊళ్లోనూ అలాగే పెట్టింది. పదకొండు రోజుల తర్వాత అక్కడ ఒక పసిగుడ్డు నీలంగా పుట్టింది. నర్సు గుల్సున్ పక్కగదికి పరుగెత్తింది. బల్ల ఉంది. బల్ల మీద మెషిన్ లేదు.

గుల్సున్ ఫోన్లో తిట్టలేదు. ఏడవలేదు.

"నీ సంతకం ఇంకా గోడకి వేలాడుతోంది అక్కా" అంది. అంతే.

ఆ మాట సైకాల్‌ని నిద్రపోనివ్వలేదు. అప్పట్నుంచి కంటబడ్డ ప్రతి మెషిన్ అడుగునా మేకుతో గోరంత గీత గీసింది. మూడో వారంలో తన గీత తనకే ఎదురైంది. ఇంకో జిల్లాలో. ఇంకో నంబరుతో!

ఇవాళ కనుమ అవతల, కోక్-సాయ్‌లో, టీ దుకాణం ముందు ఆ లారీ ఆగి ఉంది. డ్రైవర్లు లోపల తింటున్నారు. టార్పాలిన్ ఎత్తింది. ఒక మెషిన్ ఎత్తుకొచ్చింది. ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేది కాదు.

కారు కదిలాక ఒకడు మూతి తుడుచుకుంటూ బయటికొచ్చి అరిచాడు. వాడు చూసింది కారునే. లారీలో ఏం తగ్గిందో ఇంకా చూసుకోలేదు.

రేపు పొద్దున దాతల ఆడిటర్ రాజధాని బిష్కెక్‌లో విమానం దిగుతున్నాడు. ఆయన బల్ల మీద దీన్ని పెట్టాలి. ఫొటో కాదు, కాగితం కాదు... వస్తువు! వస్తువు అబద్ధం చెప్పదని ఆమెకి నేర్పినవాడు ఓరోజ్‌బెక్.

ఓరోజ్‌బెక్ ఆమె పైఅధికారి. మాట వరసకే అధికారి. ఆమె తండ్రి పోయినప్పుడు జనాజా భుజాన మోసినవాడు. ఆమె పెళ్లిలో పెద్దదిక్కుగా నిలబడ్డవాడు. ఆమెకి ఉద్యోగం ఇచ్చినవాడు, పని నేర్పినవాడు.

ఒంటి చేత్తో ఫోన్ నొక్కుతుంది.

"అన్నా! నన్ను తరుముతున్నారు!"

"ఎవరు? ఎక్కడున్నావ్?"

"కనుమ దిగుతున్నా. విరిగిన మైలురాయి మలుపు దాటాను. జీపులో ఇద్దరో ముగ్గురో..."

"దొరికిందా?"

"దొరికింది! నా దగ్గరే..."

"ఏంటో చెప్పకు! ఫోన్లో ఏదీ వాగొద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"వాగలేదుగా!"

"మంచిది. కారు పక్కకి ఆపి తాళం వేయ్. కిందకి దిగి ఏ బండ వెనకో నక్కు. నారిన్‌లో ఇప్పుడే బయల్దేరుతున్నా."

"నారిన్ నుంచా? రెండు గంటలు పడుతుంది! గడ్డకట్టుకుని చస్తాను అన్నా!"

"చావవు. నేనున్నాగా."

 ఫోన్ పెట్టేశాక రెండు కన్నీటి చుక్కలు రాలతాయి. సిగ్గుగా తుడుచుకుంటుంది.

కారు ఆపుతుంది. తాళం వేస్తుంది. తాళంచెవి కోటు లోపలి జేబులో!

బండ వెనక నక్కుతుంది.

జీపు వస్తుంది. ఆగుతుంది. ఇద్దరు దిగుతారు. మంచులో ముఖాలు కనబడవు. ఒకడు నీవా తలుపు లాగుతాడు. రాదు. అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూస్తాడు. ఇంకొకడి చేతిలో తుపాకీ!

బండకి అతుక్కుపోతుంది సైకాల్.

ఫోన్ మోగుతుంది. ఆమెది కాదు. తుపాకీ ఉన్నవాడిది.

"ఆ... ఆ... సరే. అలాగే."

ఇద్దరూ జీపెక్కుతారు. వెళ్లిపోతారు!

ఎందుకు వెళ్లారు? ఎవరు చేశారు ఫోన్? అడగడానికి ఆమె బుర్ర పనిచేయడం లేదు. కాళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

ఎంతసేపైందో...

హారన్! రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఓరోజ్‌బెక్ హారన్!

పరుగెత్తుతుంది. పడుతుంది. లేస్తుంది. ఆయన కారు దిగి తన కోటు విప్పి ఆమెకి కప్పుతాడు.

"పిచ్చిదానా... ఒంటరిగా ఎవరు వెళ్లమన్నారు నిన్ను?"

"అన్నా, కారు వెనకాల..."

మలుపులో మళ్ళీ పసుపు దీపాలు!

"తర్వాత చెబుదువుగాని! ఎక్కు!"

"అది లేకుండా నేను రాను!"

"తాళం వేశావా లేదా? కనుమ గేటు మూసేశారు. అవతలికీ ఇవతలికీ పురుగు కూడా కదలదు. రేపు తెల్లారి తీసుకుందాం. ముందు నువ్వు బతుకు!"

ఆమెని సీట్లోకి తోస్తాడు. కారు దూకుతుంది.

ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది. నీవా మంచులో కరిగిపోతుంది.

* * *

పది నిమిషాలు. నీలం గేటు. పొగ గొట్టం.

"ఎవరిల్లు అన్నా?"

"నాకేం తెలుసు? తలుపు కొడదాం. మంచులో వచ్చినవాణ్ణి ఎవరు కాదంటారు?"

నిజమే. ఈ కొండల్లో ఎవరూ కాదనరు.

తలుపు తీసిన ముసలావిడకి ఎనభై ఉంటాయి. తెల్ల తలగుడ్డ. ఆవిడ ఓరోజ్‌బెక్ వంక ఒకసారి చూసి చటుక్కున తల తిప్పుకుంటుంది.

"రండి... రండి... దేవుడు పంపిన అతిథులు" అంటుంది, ఎవరో నేర్పిన పాఠం అప్పజెబుతున్నట్టు.

లోపల వెచ్చగా ఉంది. పొయ్యి మీద పెద్ద బాన. మాంసం ఉడుకుతున్న వాసన. సైకాల్ పొయ్యి పక్కన కూలబడుతుంది. ముసలావిడ, పేరు బూరుల్ అట, రొట్టె తుంచి పెడుతుంది. పాలు పోసిన టీ ఇస్తుంది.

"తిను తల్లీ. పెదాలు చూడు, ఎలా అయిపోయాయో. ఈ మగవాళ్లకి బుద్ధుందా? ఇలాంటి వాతావరణంలో ఆడపిల్లని..."

ఓరోజ్‌బెక్ దగ్గుతాడు. బూరుల్ నోరు మూసుకుంటుంది.

గోడ గడియారం. నాలుగూ ఇరవై.

ఆగిపోయినట్టుంది అనుకుంటుంది సైకాల్. తను ఫోన్ చేసింది మూడూ నలభైకి. నారిన్ నుంచి రెండు గంటలు...

సెకన్ల ముల్లు తిరుగుతోంది!

ఫోన్ చూసుకుంటుంది. నాలుగూ ఇరవై.

టీ గిన్నె కింద పెట్టేస్తుంది.

సరిగ్గా అప్పుడు బూరుల్ లోపల్నుంచి ఒక పళ్ళెం పట్టుకొస్తుంది. చిన్న పళ్ళెం. పల్చగా కోసిన కార్జం. ఒక్కో ముక్క మీద తెల్లగా గొర్రె తోక కొవ్వు.

ఓరోజ్‌బెక్ ముఖం పాలిపోతుంది.

"అమ్మా... ఇప్పుడొద్దు" అంటాడు పళ్ల మధ్య నుంచి.

"ఎందుకొద్దు?" ముసలావిడకి కోపం వస్తుంది. "నీ కోసం పొద్దున్నే గొర్రెని కోసింది దేనికి? మధ్యలో ఫోనొచ్చిందని లేచి పరుగెత్తావు. సరే, వెళ్లావు. వచ్చావు. పరాయివాడిలా కూర్చోబెట్టమంటే ఎలా కూర్చోబెడతానయ్యా? ఈ పళ్ళెం పెట్టకుండా పంపితే రేపు నా ముఖాన ఉమ్మరూ?"

ఒక ముక్క తీసి తన చేత్తో అతని నోట్లో పెట్టేస్తుంది!



కార్జం, తోక కొవ్వు కలిపి ఎవరికిబడితే వారికి పెట్టరు. దారిన పోయేవాడికి రొట్టె పెడతారు, టీ పోస్తారు, తొడ మాంసం కూడా పెడతారు. ఇది మాత్రం ఒక్కడికే.

వియ్యంకుడికి.

ఇది నోట్లో పెట్టాకే పిల్లని ఇచ్చినట్టు, పుచ్చుకున్నట్టు. ఆ తర్వాత ఆ మనిషి ఎన్నిసార్లు గడప తొక్కినా ఈ పళ్ళెం తప్పదు. దాతల దేశం నుంచి వచ్చిన ఏ ఆడిటరైనా ఇక్కడ కూర్చుని ఉంటే, వేడి వేడి కార్జం రుచి చూసి, బాగుందని మెచ్చుకుని, చేతులు కడుక్కుని వెళ్లిపోయేవాడు.

సైకాల్ ఇక్కడ పుట్టింది.

"ఎవరిల్లు అన్నా ఇది?" మళ్ళీ అడుగుతుంది.

ఓరోజ్‌బెక్ నములుతున్నాడు. మింగలేకపోతున్నాడు.

లోపలి గది తెర కదులుతుంది. తెర కింద రెండు పాదాలు. ఎర్ర అంచు ఉన్ని మేజోళ్లు.

ఆ మేజోళ్లు సైకాల్ అల్లినవే!

"మీరిమ్..." అంటుంది. "మీరిమ్ మాస్కోలో చదువుకుంటోందన్నావు. అక్కడ చలి అన్నావు. చలికాలం మొదట్లో ఇచ్చాను అవి నీ చేతికి. నీ కూతురు ఇక్కడుందా? ఈ ఇంటి కోడలా?"

"సైకాల్, మెల్లగా..."

"నా పెళ్లిలో నా చెయ్యి పట్టుకుని ఇంటి గడప దాటించావు! నీ కూతురి పెళ్లికి నన్ను పిలవలేదు!"

ఎంత పిచ్చిది! లారీ కాదు, మెషిన్లు కాదు, ముందు ఆ మాటే వచ్చింది నోటికి. లోపల తగిలింది అక్కడే.

ఆయన తల దించుకుంటాడు.

"పిలిస్తే నీకు తెలిసిపోయేది."

"ఏం తెలిసేది?"

జవాబు బయట్నుంచి వస్తుంది. బూట్ల చప్పుడు. తలుపు తెరుచుకుంటుంది. మంచుతో పాటు ఒక లావుపాటి మనిషి లోపలికొస్తాడు. చేతిలో తుపాకీ. బండ దగ్గర చూసిన తుపాకీ!

ఆ ముఖం ఆమెకి తెలుసు. కుబాత్. నలభై కేంద్రాలకు మెషిన్లు సరఫరా చేసే కాంట్రాక్టరు.

"పని అయిపోయింది బావగారూ" అంటాడు ఓరోజ్‌బెక్‌తో, బూట్లు దులుపుకుంటూ. "కారు నదిలో ఉంది."



మెషిన్!

"లోపల ఏముందో చూశారా?" అడుగుతాడు ఓరోజ్‌బెక్.

"ఏం చూస్తాం? తాళం వేసుంది. పాత దుప్పట్లు, చెత్త. తోశాం, పోయింది." కుబాత్ ఆమె సంచీ లాక్కుంటాడు. ఫోన్ లాక్కుంటాడు. రెండూ పొయ్యిలో పడేస్తాడు. "ఫొటోలూ పోయాయి. ఇంకేమైనా ఉందా చెల్లెమ్మా?"

సైకాల్ జేబులో తాళంచెవిని పిడికిట్లో బిగిస్తుంది.

అంతా పోయింది. తాష్-బులాక్ పసిగుడ్డుకి తను ఇవ్వగలిగింది అదొక్కటే... అదీ పోయింది.

"ఎప్పట్నుంచి?" అడుగుతుంది ఓరోజ్‌బెక్‌ని.

"ఒట్టు, నేనేమీ తీసుకోలేదు సైకాల్. టీ కూడా తాగలేదు వాళ్ల సొమ్ముతో. తనిఖీ ఏ రోజో అడిగాడు... చెప్పాను. అంతే."

"అంతేనా?"

"వియ్యంకుడు అడిగితే ఏమంటాను? నా బిడ్డ వాళ్లింట్లో ఉంది! అల్లుడు రష్యాలో ఉన్నాడు. పొద్దున లేస్తే వీళ్ల ముఖాలే చూడాలి అది. కాదంటే దాని గతేంటి?"

"కాంట్రాక్టరుతో బంధుత్వాలేమీ లేవని ఏటేటా కాగితం మీద రాసిచ్చావు. సాక్షి సంతకం నాతో పెట్టించావు!"

"నిన్ను మించి నమ్మకస్తురాలు ఎవరున్నారు నాకు?"

ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది. నమ్మించి గొంతు కోయడమంటే ఏంటో సైకాల్‌కి ఇప్పుడు తెలుస్తుంది. కోసేవాడు కూడా ప్రేమగానే చూస్తాడు.

"మెషిన్ లేక ఒక పసిబిడ్డ పోయింది. నీకు చెప్పాను. నా ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకున్నావు!"

"నిజంగానే ఏడ్చాను సైకాల్..."

"చాల్లెండి!" కుబాత్ విసుక్కుంటాడు. "చెల్లెమ్మా, ఆ కారు నదిలో పడ్డప్పుడు నువ్వు కూడా అందులోనే ఉన్నావు. అర్థమైందా? మంచులో జారింది. పాపం. లే, నడు."

ఓరోజ్‌బెక్ చటుక్కున లేస్తాడు.

"ఏంటిది? భయపెట్టమన్నాను! కాగితాలు లాక్కోమన్నాను! అంతేగా అనుకున్నది!"

"మీరు అనుకున్నది అంతే బావగారూ."

"కుబాత్!" బూరుల్ కేక పెడుతుంది. "నా రొట్టె తిన్న మనిషిరా!"

"నువ్వు లోపలికి పో అమ్మా. ఆ దిక్కుమాలిన పళ్ళెం తేకుండా ఉంటే ఇంత జరిగేదా?"

తుపాకీ బోల్టు లాగుతాడు. ఖట్!

"వద్దు!"

తెర చిరిగి కిందపడుతుంది. మీరిమ్! నిండు పొట్ట. రెండు చేతులతో పట్టుకుని ఉంది. రెండడుగులు వేస్తుంది. మూడోది పడదు.

కూలిపోతుంది!

ఎర్ర అంచు మేజోళ్లు తడిసిపోతున్నాయి.

"అయ్యో! ఉమ్మనీరు!" బూరుల్ పరుగెత్తుతుంది. "పొద్దుట్నుంచి నొప్పులంటే ఉత్తివే అనుకున్నాను... ఎనిమిదో నెలే కదా దేవుడా!"

తుపాకీ కిందకి దిగుతుంది. కుబాత్‌కి ఏం చేయాలో తెలియదు.

మొదట కదిలింది సైకాల్. ఎందుకు కదిలిందో ఆమెకీ తెలియదు. మీరిమ్ తల ఒళ్లోకి తీసుకుంటుంది.

"నీళ్లు కాచండి! బట్టలు తెండి! నువ్వు ఊపిరి పీల్చు చెల్లీ... నన్నే చూడు... పీల్చు!"

ఓరోజ్‌బెక్ ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. వేలు తగిలి స్పీకరు ఆన్ అవుతుంది.

"తాష్-బులాక్ కేంద్రమా? నేను ఓరోజ్‌బెక్‌ని! మా అమ్మాయికి కాన్పు! నెలలు నిండలేదు! ఆక్సిజన్ మెషిన్ సిద్ధంగా పెట్టు!"

అవతల గుల్సున్ గొంతు. చల్లగా, నెమ్మదిగా.

"రిజిస్టర్‌లో ఉంది సార్."

"అదే! దాన్నే..."

"బల్ల మీద లేదు సార్."



* * *

గంట గడుస్తుంది.

లోపలి గదిలో కేకలు. మధ్యలో బూరుల్ గొంతు, సైకాల్ గొంతు. బయట ఇద్దరు వియ్యంకులు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

చివరి కేక!

తర్వాత... ఏమీ లేదు.

ఏడుపు లేదు.

ఓరోజ్‌బెక్ తలుపు తోసుకుని వస్తాడు. బూరుల్ చేతుల్లో మూరెడైనా లేని బిడ్డ. నీలంగా ఉంది. ముసలావిడ వీపు రుద్దుతోంది. నోట్లో ఊదుతోంది. ఒక్కసారి చిన్న డొక్క ఎగురుతుంది. ఆగుతుంది. మళ్ళీ ఎగురుతుంది.

"ఊపిరి ఉంది!" అంటుంది బూరుల్. "నిలబడటం లేదు! గాలి కావాలి బిడ్డకి!"

"ఆ లారీ!" ఓరోజ్‌బెక్ సైకాల్ భుజాలు పట్టుకుంటాడు. "ఆ లారీ ఎక్కడుంది? నువ్వు చూశావుగా!"

"కోక్-సాయ్‌లో. కనుమ అవతల. గేటు మూసేశారని నువ్వేగా చెప్పావు."

"ఇవతల ఒక్కటి లేదా? ఒక్కటి! ఎక్కడైనా ఒక్క మెషిన్... సైకాల్, నీ కాళ్లు పట్టుకుంటాను! నీకు తెలుసు! ఏది ఎక్కడుందో నీకే తెలుసు!"

ఈ మనిషి తన తండ్రి జనాజా మోశాడు. ఈ మనిషే తనని చావుకి అప్పజెప్పాడు. సైకాల్‌కి ఏడుపు ముంచుకొస్తుంది. ఆయన మీద జాలో, కసో, తనకే తెలియదు.

కోటు జేబులోంచి చెయ్యి తీస్తుంది. పిడికిలి విప్పుతుంది.

నీవా తాళంచెవి!

"ఇవతల ఒకటి ఉండేది అన్నా."

ఆయనకి అర్థం కాదు.

"నా కారు డిక్కీలో. దుప్పటి కింద. దారి పొడుగునా బాగానే ఉంది, పగల్లేదు. చెప్పబోయాను. తర్వాత చెబుదువుగాని అన్నావు."

గుమ్మంలో కుబాత్ చేతిలోంచి తుపాకీ జారి నేల మీద పడుతుంది. ఎవరూ అటు చూడరు.

ఓరోజ్‌బెక్ తాళంచెవినే చూస్తున్నాడు. అతని పెదాల మీద ఇంకా తోక కొవ్వు మెరుస్తోంది.

మంచం మీద మీరిమ్ కళ్లు తెరుస్తుంది. బలవంతాన తల తిప్పుతుంది.

"నాన్నా..." అంటుంది. "మెషిన్ వచ్చిందా?"